గాలిపందిరి

ఎండ చేపని ఆరబెట్టదు, ఉడకబెడుతుంది. ఆరబెట్టేది గాలి.

అరవై ఏళ్ళు నెత్తళ్ళు ఎండబెట్టిన చేతులతో చెబుతున్నాను. కాదన్నవాళ్ళు మా కళింగవాడ రేవుకొచ్చి, ఎవరినైనా కొర్లమ్మ ఇల్లెక్కడని అడిగి, నా మొహం మీద అనండి. ఇసుకలో పరిచిన చేప పైకి పెళుసుగానే కనిపిస్తుంది, తిరగేస్తే పొట్ట కింద చెమ్మ. అదే నాలుగు గుంజలు పాతి, పాత వల బిగించి, ఆ పందిరి మీద పరిస్తే కిందా పైనా గాలి ఆడుతుంది. మబ్బు పట్టినా సరే, రెండో రోజుకి విరిస్తే ఫట్‌మంటుంది. ఇంత చిన్న సంగతి పెద్ద పెద్ద చదువులవాళ్ళకి తెలియక మా పైడితల్లి నోరు పోయేదే. ఆ కథే ఇది.

పైడితల్లి మా ఆయన చెల్లెలు. నేను కాపురానికొచ్చేసరికి దానికి పద్నాలుగేళ్ళు. జడలో కనకాంబరాలు, నోట్లో ఎప్పుడూ ఏదో మాట. దానికి అడ్డపొగ నేర్పింది నేనే. తెలియనివాళ్ళకి చెబుతాను. రేవులో గాలి చుట్టని వెలగనివ్వదు. అగ్గిపుల్ల గీస్తే ఆర్పుతుంది, వెలిగించిన చుట్టనీ ఆర్పుతుంది. అందుకని మా వైపు ఆడవాళ్ళం చుట్ట తిరగేసి నిప్పుకొస నోట్లో పెట్టుకునేవాళ్ళం. పెదాలు మూస్తే లోపల నిప్పు భద్రం, బయట చేతులు వలలో పని చేసుకుంటాయి. ఒక పొద్దున పడవలు ఆలస్యమయ్యాయి. పిల్ల చలికి వణుకుతోంది. నా నోట్లో చుట్ట తీసి దాని నోట్లో పెట్టాను.

"భయపడకే, కాలదు," అన్నాను.

నలభై ఎనిమిదేళ్ళ తర్వాత కాలింది. అంగిలి మీద తెల్లమచ్చ లేచింది, మచ్చ పుండయింది, ఆ పుండుతో పాటు అంగిలి కోసేశారు. నోటికీ ముక్కుకీ మధ్య గోడ లేకుండా పోయింది. గంజి తాగితే ముక్కులోంచి కారేది. మాట నోటిదాకా రాకుండా పైకి పోయి, ఊఁ ఊఁ అని మిగిలేది.

ఎవరి మాట! పడవ ఒడ్డు తగలగానే సరుకు పాట పెట్టేది పైడే. దాని గొంతు లేస్తే తోపు అవతల రోడ్డు మీద ఆటోలు ఆగేవి. ఎవడైనా తక్కువ పాడితే వాడి మూడు తరాలకీ పేర్లు పెట్టేది, వాడు నవ్వుతూ పెంచేవాడు. అలాంటి మనిషి పిల్లల పలక ఒకటి మెడలో తగిలించుకుంది. రాయడం రాదు, బొమ్మలేసేది. ఆకలేస్తే గిన్నె. నిద్రొస్తే చాప. నా మీద కోపమొస్తే కోతి. ఆ ఏడాది ఎన్ని కోతులు చూశానో దేవుడికెరుక.

ఇక సాగరిక సంగతి. నా కొడుకు కూతురు. మా తుఫాను షెల్టరు పైఅంతస్తులో అంగిలి కేంద్రం పెట్టినప్పుడు, ఈ ఊరి పిల్లే కావాలని దాన్ని పనిలోకి తీసుకున్నారు. అడ్డపొగ తాగి నోరు పోగొట్టుకున్న ఆడవాళ్ళు ఈ తీరం పొడుగునా ఉన్నారు కదా, వాళ్ళ కోసం. మొదటి రోజే నన్ను మెట్లెక్కించి అన్నీ చూపించింది.

"ఇదేటి, వలదారమా?" అన్నాను రీలు చూసి.

"ముట్టుకోకు మామ్మా! ప్రాణముంది దానికి."

నిజమే, ఉంది. మనిషి నాలుక అంచు నుంచి మినపగింజంత కండ తీస్తారు. దాన్ని పెంచి, పట్టు జిగురులో కలిపి, నీరంతా లాగేసి సన్నటి పోగు తీస్తారు. జీవపోగు అని పేరు. అందులో కండ చచ్చిపోదు, విత్తనంలో మొక్క పడుకున్నట్టు పడుకుంటుంది. ఆ పోగుని ప్రింటరు మిషను సన్నటి ముక్కులోంచి వదులుతూ, వరస మీద వరస పేర్చి అంగిలి కడుతుంది. నోట్లో పెట్టి కుడితే ఉమ్మి తడికి మేలుకుంటుంది. మూడు వారాల్లో ఆ మనిషి కండే అయిపోతుంది. కానీ ఎవరి పోగు వాళ్ళకే. పరాయిది ఒంటికి పడదు.

దానికి రెండు గండాలు. ఒకటి తడి. రీలు మీదుండగా చెమ్మ తగిలితే వేళకాని వేళ మేలుకుని, తిండి లేక గంటలో చచ్చిపోతుంది. రెండోది వేడి. మిషను ముక్కు దగ్గర రెప్పపాటు కాక తగిలితే పొడిగా పడుకున్న కండ ఓర్చుకుంటుంది. గంటల తరబడి మాత్రం కోడి పొదిగే వేడి దాటకూడదు. ప్రింటరు కేంద్రానిదే గానీ, అందుకే ఆరబెట్టే పెట్టె ఒకటి కంపెనీవాళ్ళు ఇచ్చారు. అడుగున వెచ్చటి పలక, పైన బిగుతు మూత, మూత మీద కంపెనీ సీలు. ఎక్కడో చలిదేశంలో, పొడిగాలి ఊళ్ళో తయారైంది. అక్కడ చక్కగా పని చేసిందట.

పైడితల్లి మొదటి రీలు ఆ పెట్టెలో నాలుగు రోజులుంది. ప్రింటరు మొదలెట్టిన రోజు మేమంతా తలుపు దగ్గర నిలబడ్డాం. కాగిన నూనెలో తడిచెయ్యి విదిలించినట్టు చిట్, చిట్, చిటపట. సాగరిక మొహం తెల్లబోయింది. బయటికొచ్చిన అంగిలి నిండా కన్నాలు, జల్లెడలాగ. పైడి దాన్ని చూసింది. పలక తీసుకుంది. పలకని బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

డాక్టరు ఉమాపతి గారు దాని నోరు చూసి తల ఊపారు. "నాలుక ఒకవైపు ఇప్పటికే పాడైంది, రుచి ఉన్న రెండోవైపు ముట్టను. ఇంకొక్కసారి మాత్రమే కండ తీయగలను. అది కూడా పోతే ఇక లేదు."

వారానికి కంపెనీ నుంచి కాగితం వచ్చింది. సాగరిక చదివింది. పనిచేసేవారి చేతుల తడి వల్ల పోగు చెడినది. తీరప్రాంతపు తేమకు ఈ ఆరబెట్టు యంత్రము తగదు. నెలాఖరున యంత్రమును వెనక్కి తీసుకొనెదము.

"సేతుల తడేటి?" అన్నాను.

"నా చేతులు మామ్మా. రేవు మనుషులం కదా, ఎప్పుడూ తడిగానే ఉంటాయనుకున్నారు."

ఆ పిల్ల చేతులు నేను చూశాను. రోజుకి పదిసార్లు కడిగి, తుడిచి, పొడిగాలి మిషను కింద పెట్టి, తొడుగులేసుకుని, చర్మం పగిలి నెత్తురొచ్చిన చేతులవి.

"నాకా పెట్టె సూపించు," అన్నాను.

పాడైపోయిన రీలు ఇంకా అందులోనే ఉంది. ఎలాగూ చచ్చిన పోగే కదా అని ముట్టుకోనిచ్చింది. పైవరస గరుకుగా, పొడిగా ఉంది. వేలు కిందికి జార్చాను. పలకకి ఆనుకున్న వైపు జిగురుజిగురుగా తగిలింది. మూతకి లోపలివైపు సన్నటి చెమట.

"ఓలమ్మో!" అన్నాను. "దీన్ని ఇసకలో ఆరబెట్టారే గుంటా!"

"ఇసకేంటి మామ్మా?"

"కింద కాక, పైన మూత. పోగులో నీరు ఆవిరైతే అయింది గానీ, ఎటు పోవాలి? తిరిగి అక్కడే కూకుంది. దీనికి పందిరెయ్యాలి."

సాగరిక నా మొహంలోకి చూసింది. తర్వాత గబగబా కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. నేను చేతులతో చూపిస్తుంటే అది తెర మీద గీసింది. రీలు నేలకి తగలకుండా ఎత్తి పట్టే చట్రం, చుట్టూ వెదురు బద్దల్లాంటి సందులు. రీలు నడిమి కన్నంలోంచి పైకి లేచే బోలు గొట్టం, దాని ఒంటి నిండా చీలికలు. అడుగున పాత కంప్యూటరులోంచి పీకిన చిన్న ఫ్యాను. ఫ్యాను ముందర నీలం గింజల డబ్బా. ఆ గింజలు తడి పీలుస్తాయి, పీల్చినకొద్దీ గులాబి రంగుకి తిరుగుతాయి. గాలి డబ్బాలోంచి లోపలికొచ్చి, గొట్టం చీలికల్లోంచి పోగు వరసల మధ్య దూరి, తడి ఎత్తుకుని పైనుంచి బయటికి పోవాలి.

మామూలు ప్లాస్టిక్కు పోగేసే చిన్న ప్రింటరు ఒకటుంది. దాని మీద ఆ మధ్యాహ్నమే ముక్కలు అచ్చయ్యాయి. మొదటి గొట్టం వంకర వచ్చింది. రెండోదానికి చీలికలు మరీ సన్నం, ఊదితే గాలి రాలేదు. మూడోది నా మొహాన ఊదితే చల్లగా తగిలింది. గాలిపందిరి అని నేనే పేరు పెట్టాను.

అంతా కుదిరింది గానీ, గాలి లోపలికి రావడానికి ఒక కన్నం, పోవడానికి ఒక కన్నం కావాలి. పెట్టెకి కన్నం లేదు.

"సీలు మీద చెయ్యి పడితే పెట్టె తనంతట తానే కంపెనీకి కబురు పంపుతుంది," అంది సాగరిక. "పదో రోజుకి మనిషి వస్తాడు. పెట్టె తీసుకుపోతాడు, నా లైసెన్సు కూడా పోతుంది."

"కన్నం ఎట్టకపోతే?"

"నెలాఖరుకి తీసుకుపోతాడు."

"ఎటైనా పట్టుకుపోతాడు కదా."

"లైసెన్సు, మామ్మా! అది పోతే ఈ తీరంలో ఏ ఆసుపత్రిలోనూ నన్ను ఇలాంటి మిషను ముట్టుకోనివ్వరు."

అది ఏడవలేదు. గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. నేను మెట్లు దిగి ఇంటికెళ్ళాను. వల తేలడానికి కట్టే బుడ్డలకి కన్నాలు పెట్టే ఇనప చువ్వని పొయ్యిలో ఎర్రగా కాల్చి, గోనెగుడ్డ చుట్టి పట్టుకుని మళ్ళీ మెట్లెక్కాను. దారిలో కనబడ్డవాళ్ళంతా తప్పుకున్నారు.

"మామ్మా, ఏం చేస్తున్నావ్?"

"నువ్వు అటు తిరుగు. నీ కళ్ళతో సూడనేదని సెప్పుకో."

కింద ఒకటి పొడిచాను. పైన ఒకటి పొడిచాను. ప్లాస్టిక్కు కాలిన కంపు. పెట్టె మీద ఎర్రదీపం వెలిగి, కీచుమని ఒక అరుపు అరిచింది. తిరిగి చూద్దును కదా, సాగరిక అటు తిరగలేదు. నా వైపే చూస్తోంది. లేచి వచ్చి ఆ చువ్వ నా చేతిలోంచి తీసుకుని, పైకన్నాన్ని తనే ఇంకాస్త వెడల్పు చేసింది.

"ఇప్పుడు ఇద్దరం," అంది.

పది రోజులు.

ప్లాస్టిక్కు పోగుతో పరీక్ష చేస్తే తెలియదు, మేలుకోవడానికి దానికి ప్రాణం లేదు. పైడిది తీసి పరీక్ష చేస్తే, పోతే మళ్ళీ రాదు. నా నాలుక చాపి ఉమాపతి గారి ముందు కూర్చున్నాను.

"కొర్లమ్మా, నువ్వు ముసలిదానివి. నాలుక అంచున రుచి గింజలుంటాయి. మళ్ళీ మొలుస్తాయో లేదో చెప్పలేను," అన్నారాయన.

ఇది మీకు అర్థం కావాలంటే మా రేవులో నా పనేమిటో చెప్పాలి. ఉప్పు పట్టించిన చేపల తొట్టి తెరిచేముందు నన్ను పిలుస్తారు. ఒక చేప తీసి నాలుక అంచుకి తగిలించి, చాలు అంటే పందిరెక్కుతుంది, చాలదంటే మళ్ళీ తొట్టిలోకి పోతుంది. మా అత్త నాలుక అలాంటిదే, ఆవిడ తర్వాత నాది. కళింగవాడ చేప పురుగు పట్టదని పేరుందంటే అది ఈ నాలుక వల్ల.

"తియ్యండి," అన్నాను.

ఎడమవైపు తీశారు. రెండు రోజుల్లో పోగైంది. నా పోగు! రీలు మీద లేత పసుపు రంగులో, పిల్ల జుట్టులాగ ఉంది. పెట్టెలో పందిరేసి రీలెక్కించాం. ఫ్యాను ఝుమ్మంది. పెట్టెని నేనే దగ్గరుండి సర్దించాను, కిటికీ పక్కన, గాలి నోరు సముద్రం వైపుకి.

మా ఇళ్ళల్లో అంతే. కడవ పెట్టినా, గంప పెట్టినా, పసిపిల్లాడిని పడుకోబెట్టినా సముద్రం వైపు తిప్పి పెడతాం. గంగమ్మకి వీపు పెట్టం. వీపు పెడితే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని మా అత్త చెప్పింది, ఆవిడకి వాళ్ళ అత్త చెప్పింది. సాగరిక అంత చదువుకుంది కదా, దానికీ తప్పనిపించలేదు. ఈ ఊళ్ళో పుట్టినదాని చెయ్యి అటే తిరుగుతుంది.

మధ్యాహ్నానికి నీలం గింజలన్నీ గులాబి రంగయ్యాయి. కొత్తవి పోస్తే అవీ గులాబి. సాయంత్రం ప్రింటరు పెడితే చిట్, చిటపట. ఇదివరకటికన్నా ఘోరం. నా నాలుక ముక్క అక్కడ పళ్ళెంలో జల్లెడై పడి ఉంది.

"కంపెనీవాళ్ళు చెప్పిందే నిజమేమో," అంది సాగరిక మెల్లగా. "మన గాలికే పనికిరాదేమో."

"మన గాలికి ఏటైంది? ఇదే గాలికి ఎండిన సేప మీ నాన్నని పెంచింది!"

అన్నాను గానీ, నాకూ అనుమానమొచ్చింది.

మర్నాడు పొద్దున్నే పైడి మెట్లెక్కి వచ్చింది. పెట్టె చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వేలు తడిచేసి కిటికీలో పెట్టింది. పలక తీసి గీకడం మొదలెట్టి, నా మొహం మీదికి తోసింది. కోతి. కోతి సముద్రం ముందర కూర్చుని, నాలుక ఇంత బారున చాపి అలలు నాకుతోంది.

"ఒలే, నాకు ఒళ్ళు మండుతుంటే నీకు ఎటకారమా!" అన్నాను.

అది తల కొట్టుకుంది. కోతి వెనకవైపు కొండ గీసింది. కొండ మీంచి గీతలు, గీతల కింద ఒక పందిరి, పందిరి మీద చేపలు.

అప్పుడు నా తలకెక్కింది. మేం చేపలు ఎప్పుడు పరుస్తాం? తెల్లారి, కొండ వైపు నుంచి పొడిగాలి తోలేటప్పుడు. మధ్యాహ్నం గాలి తిరిగి సముద్రం మీంచి రాగానే తాటాకు కప్పేస్తాం. అరవై ఏళ్ళు రోజూ చేసిన పని! చేప దగ్గర తెలిసిన చేతులకి పెట్టె దగ్గర తెలియలేదు. పెట్టె ఇంట్లో వస్తువు కదా, అందుకని సముద్రం వైపు తిప్పాం. ఆవిడ ఊపిరంతా తెచ్చి నా పోగు మీద పోశాం.

పెట్టెని ఎత్తి కొండ వైపు కిటికీకి మార్చాం. వీపు సముద్రానికి. కళింగవాడలో ఎవరూ చేయని పని. నేను సముద్రం వైపు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. చేతులు జోడించలేదు. నడుం మీద పెట్టుకున్నాను.

"అమ్మా, నా పెనిమిటిని తీసుకున్నావు, ఏటీ అన్నేదు. రెండు పడవలు తీసుకున్నావు, ఏటీ అన్నేదు. ఇది పైడి నోరు. ఇది నీకు ఇవ్వను. ఈ పెట్టె నీకు వీపు ఎట్టే ఉంటాది. సిన్నబుచ్చుకుంటే నా మీద సిన్నబుచ్చుకో."

పైడి పక్కన నిలబడి ముక్కులోంచి నవ్వింది. ఏడాదిలో అదే మొదటి నవ్వు.

సాగరిక కన్నాలకి చిన్న తలుపులు అచ్చేసింది. తెల్లారి తెరవాలి, మధ్యాహ్నం గాలి తిరగ్గానే మూయాలి, తాటాకు కప్పినట్టే. ఇక మళ్ళీ పరీక్షకి పోగు కావాలి.

"రెండోవైపు కూడా తీస్తే ఉప్పు పూర్తిగా పోవచ్చు," అన్నారు ఉమాపతి గారు. "ఆలోచించుకో."

ఆలోచించడానికేముంది? చలికి వణికే పద్నాలుగేళ్ళ పిల్ల, దాని నోట్లో నా చేత్తో పెట్టిన నిప్పు. నాలుక చాపాను.

ఆ పూట గంజిలో ఉప్పుకల్లు వేసుకుని నోట్లో పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఇంకో కల్లు వేశాను. గులకరాయి చప్పరించినట్టుంది. సాగరిక చూస్తోందని తాగేశాను.

"ఉప్పు తెలుస్తోందా మామ్మా?"

"తెలుస్తోంది," అన్నాను. అది నమ్మలేదు. గిన్నె కడగడానికి తీసుకెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆరో రోజు మధ్యాహ్నానికి గింజలు ఇంకా నీలంగానే ఉన్నాయి. రీలు చివర ఒక ముక్క తుంచి విరిచాను. ఫట్. ఎండిన నెత్తళ్ళ చప్పుడే. ప్రింటరు పెట్టారు. మేం చెవులు రిక్కించుకుని నిలబడ్డాం. చిటపట లేదు. ఏ చప్పుడూ లేదు. పోగు జారుతూ వరస మీద వరస పడుతోంది. బిళ్ళంత ముక్క అచ్చేసి, తీసి ఉప్పునీళ్ళ గిన్నెలో వేస్తే, సాయంత్రానికి మెత్తబడి గులాబి రంగు తిరిగింది. సాగరిక అద్దాల గొట్టంలోంచి చూసి, "బతికే ఉంది మామ్మా," అని నా మెడ చుట్టూ చేతులేసింది.

ఆ సాయంత్రమే పైడి కండ తీశారు. ఎనిమిదో రోజు తెల్లారేసరికి పోగు పెట్టెలో ఉంది. రెండు పొద్దుల కొండగాలి తాగింది. పదో రోజు పొద్దున్న ఎనిమిది గంటలకి, రీలు పెట్టెలో ఉండగానే, అంగిలి అచ్చు మొదలైంది. మూడు గంటల పని. మధ్యలో ఆపితే అతుకు పడదు.

తొమ్మిదింటికి కంపెనీ మనిషి కారు దిగాడు. శశాంక్ అట పేరు. తెల్లచొక్కా, ముక్కుకి రుమాలు. ముక్కుకి రుమాలెందుకంటే, షెల్టరు మెట్ల మీద కింద నుంచి పైదాకా మా వాడ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో ఎండుచేపల గంప. అందరికన్నా కింది మెట్టు మీద నేను.

"అమ్మా, కొంచెం దారివ్వండి. పైన మా పెట్టె ఉంది."

"ఉంది బావూ. పని సేస్తోంది."

"అది పని చేయకూడదమ్మా. సీలు పగలగొట్టారు. వెంటనే ఆపాలి."

"ఎవరు పగలగొట్టారు? నానే. కొర్లమ్మ. రాసుకో."

అతను రాసుకోలేదు. "చూడండమ్మా, ఈ రూల్సు నేను పెట్టినవి కావు."

"నానూ ఎట్టినేదు. ఎవరెట్టారో కనుక్కుని రా, అందాకా కూకుంటాం."

గంపలన్నీ నవ్వాయి. అతనికీ నవ్వొచ్చింది గానీ రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పాపం, చెడ్డవాడు కాదు. ఎండలో నిలబడలేక మెట్టు మీద నా పక్కనే కూర్చున్నాడు. గంపలోంచి రెండు ఎండుచేపలు, కవళ్ళు, తీసి అతని చేతిలో పెట్టాను.

"ఇది ఇసకలో ఎండింది, ఇది పందిరి మీద ఎండింది. ఇరిచి సూడు."

విరిచాడు. పందిరిది ఫట్‌మంది. ఇసుకది వంగింది, విరగలేదు. దాన్ని తిరగేసి, పొట్ట కింద చెమ్మ వేలితో తడిమాడు.

"మా పెట్టె ఇదన్నమాట," అన్నాడు వంగిందాన్ని చూపించి.

"నీకు తెలిసింది. మరి మీవాళ్ళకి సెప్పు."

"చెబుతాను. వింటారో లేదో తెలీదు. కానీ పెట్టె మాత్రం తీసుకెళ్ళాలమ్మా. లేకపోతే నా ఉద్యోగం పోతుంది."

పదకొండు దాటాక పైనుంచి సాగరిక గొంతు వినబడింది. "అయింది!"

మేం లేచి దారిచ్చాం. అతను పైకొచ్చాడు. గాజుపళ్ళెంలో అంగిలి. ఒక్క కన్నం లేదు, ముత్యపుచిప్ప లోపలి వైపులాగ నున్నగా ఉంది. అతను దాన్ని వంగి చూశాడు. పెట్టె మీద చెయ్యేశాడు.

"ఆగు బావూ," అన్నాను. మూత తీసి, గాలిపందిరిని చట్రంతో సహా బయటికి లాగి చంకలో పెట్టుకున్నాను. "పెట్టె మీది, పట్టుకుపో. ఇది మాది."

లైసెన్సు పోయింది, చెప్పినట్టే. నెలయ్యేలోపు ఇంకో కాగితం వచ్చింది. జరిగింది తప్పని ఒప్పుకుని, ఆ గాలి సామాను మళ్ళీ వాడనని, ఎవరికీ ఇవ్వనని సంతకం పెడితే లైసెన్సు తిరిగిస్తారట. సాగరిక కాగితాన్ని బల్ల మీద పరిచి, కలం మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"నా కోసం ఆగకు," అన్నాను. "నీ సదువు అది. నీ బతుకు."

"మామ్మా, నువ్వు గంజిలో ఉప్పు తెలుస్తోందని అబద్ధం చెప్పావు చూడు," అంది, "అలాంటి అబద్ధం మీద సంతకం పెట్టమంటున్నారు వీళ్ళు."

కాగితాన్ని మడిచి, ఊగే బల్ల కాలు కింద పెట్టింది. చేపలకి ఐసు వేసే థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చి, వెచ్చటి దీపం పెట్టి, రెండు కన్నాలు పొడిచి, అందులో గాలిపందిరి దించింది. కంపెనీ పెట్టెలోకన్నా పోగు బాగా ఆరింది. గాలిపందిరి బొమ్మని కంప్యూటరులోంచి, తీరం పొడుగునా ఏ ఊరివాళ్ళు అడిగితే ఆ ఊరికి పంపేసింది. అడగనివాళ్ళకీ పంపింది.

ఇక పైడి. అంగిలి కుట్టి మూడు వారాలు మూతి కట్టేశారు. ఇరవై రెండో రోజు ఉమాపతి గారు కట్టు విప్పి, అన్నం పెట్టవచ్చన్నారు. ఎండునెత్తళ్ళ పులుసు పెట్టాను. జీవితంలో మొదటిసారి రుచి చూడకుండా, చేతి కొలత మీద ఉప్పు వేశాను. గుమ్మం నిండా జనం. పైడి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ముక్కు తుడుచుకోడానికి అలవాటుగా కొంగు ఎత్తింది. ముక్కు పొడిగానే ఉంది.

కొంగు అలాగే పట్టుకుని నా వైపు చూసింది.

"వదినా."

ముక్కులోంచి కాదు. నోట్లోంచి. గుమ్మంలో ఎవరో వెక్కారు.

"ఏటే?"

"ఉప్పు కసం. ఇది పులుసా, సంద్రమా? నీ సెయ్యి ఇరగ! ఏడాది బట్టి గంజి తాగించి, ఇవాళ ఇంత ఉప్పు పోసి సంపుదామనుకున్నావా? కోతిముండా!"

ఎంత స్పష్టంగా తిట్టింది! ఒక్క అక్షరం పైకి పోలేదు. నేను ఇంకా తిట్టవే అన్నాను. తిట్టింది. మా అత్తని కూడా కలిపి తిట్టింది. తిడుతూ తిడుతూ ఏడ్చింది, ఏడుస్తూ రెండో ముద్ద కలుపుకుంది.

"నాకు తెలీనేదే పైడీ," అన్నాను. "ఉప్పు నాకింక తెలీదు."

దాని చెయ్యి ఆగింది. సాగరిక వైపు చూసింది, నా వైపు చూసింది. అడ్డపొగ నేర్పింది నేనని దానికెప్పుడూ గుర్తు చేయలేదు. అది కూడా ఎప్పుడూ అనలేదు, ఆ రోజూ అనలేదు. మర్నాడు పొద్దున్నే రేవులో తొట్టి తెరిచేచోట నా పీట మీద అది కూర్చుని ఉంది. నేను దాని పక్కన కూర్చున్నాను. చేప నేను తీసి ఇస్తాను, నాలుకకి అది తగిలిస్తుంది. చాలు అంటుంది, చాలదంటుంది. చాలదన్నప్పుడు రోడ్డు మీద ఆటోలు ఆగుతున్నాయి.

మొన్న దక్షిణం వైపు రేవు నుంచి నలుగురు ఆడవాళ్ళు ఐసుపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చారు. వాళ్ళలో ఒకామెకి మాట ముక్కులోకి పోతోంది. గాలిపందిరి అచ్చేసుకున్నారట, అయినా చిటపట మానలేదట. కంపెనీవాళ్ళు కేసు పెడతామని కాగితం పంపారట. ఏం చేయమంటావని అడిగారు.

"కాయితాన్ని బల్ల కాలు కింద ఎట్టండి," అన్నాను. "పెట్టె నోరు ఎటుందో సెప్పండి."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సముద్రం వైపే పిన్నీ. మరెటు పెడతాం?"

"తిప్పేయండి."

"అమ్మ ఏమైనా అనుకుంటే?"

"ఏటీ అనుకోదు," అన్నాను. "ఆవిడతో నాను మాటాడేసాను."